కొని త్రాగు నీరు

బందరు ప్రాంతమున భూగర్భజలము చాలచోట్ల ఉప్పన. అందుచే కృష్ణ కాలువల నీటిని చెరువులలో నిలువచేసి వాడుట ఇచ్చటి అలవాటు. ఆ నీటిలో ఉప్పు తక్కువే గాని, రోగక్రిములు చేరును. ఈ రెండు లోపములకు చికిత్స ఒకటి కాదు.

ముదినేపల్లి మండలములోని బొమ్మినంపాడులో 2005లో వాటర్‌హెల్త్ అను ప్రైవేటు సంస్థ నీటి కేంద్రమును నెలకొల్పినది. గ్రామస్థులు కొద్ది రుసుముతో నీరు కొనిరి. పాదరసపు దీపమునుండి వెలువడు అతినీలలోహిత కిరణములు అందలి క్రిములను నశింపజేయును. ఉప్పును మాత్రము తొలగింపలేవు.

ఉప్పు పోవలెనన్న ఆర్.ఓ. యంత్రము కావలెను. మిక్కిలి ఒత్తిడితో నీటిని పలుచని పొరగుండ పంపినచో లవణములు చాలవరకు ఇవతలనే నిలిచిపోవును. నేడు 20 లీటర్ల టిన్నులలో అమ్మునది చాలవరకు ఇట్టి నీరే.

ఇచట గమనింపదగిన సంగతి ఒకటి కలదు. క్లోరిను తగిలిన ఆ పొర చెడిపోవును. కనుక నీటిలో క్లోరిను ఉన్నచో, ముందుగనే బొగ్గుతో తీసివేయుదురు. పిమ్మట ఆ నీటిని కాపాడునది ఏదియు ఉండదు. కడుగని టిన్ను, ముంచిన చేయి చాలును, శుద్ధజలము తిరిగి చెడుటకు. క్లోరిను కలిపిన నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని భారత ప్రమాణము విధించుటకు కారణమిదియే.

కావున కొనువారు రుచిని మాత్రమే నమ్మక, టిన్ను శుభ్రమును చూడవలెను. నీటి పరీక్షా ఫలితమును అడుగవలెను. తీపినీరెల్ల మంచినీరు కాదు గదా!