కనిపెట్టినవాళ్లే నోరు విప్పాలి

చేలో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషిలో తేడా ముందుగా తెలిసేది ఇంట్లోవాళ్లకే. చెబితే ఏమంటాడో అన్న సంకోచం పత్తి, మిరప పల్లెల్లో ప్రాణాల మీదికి తెస్తోంది.

గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో సీజనంతా పంపుల మోతే. ముడత, తెల్లదోమ, 2021లో విరుచుకుపడ్డ నల్ల తామర పురుగు... పురుగు మారినప్పుడల్లా డబ్బా మారుతుంది. కొట్టే మనిషి మారడు. పొద్దుగూకి ఇల్లు చేరేసరికి చలికాలంలోనూ అతనికి ఒళ్లంతా చెమట. కళ్ల వెంట నీళ్లు, నోట్లో ఊట, అన్నం సహించదు. భార్యకు అనుమానమొస్తుంది, కోడలికీ వస్తుంది. మందు పట్టిందేమోనని లోలోపల అనుకుంటారు, పైకి అనరు.

అనకపోవడానికి కారణాలున్నాయి. రేపు ఇంకో ఎకరం కొట్టాలి. కూలికి కొట్టేవాడైతే రోజు కూలి పోతుంది. ఆస్పత్రికి పోతే పోలీసు కేసని భయం, తెల్లారేసరికి ‘మందు తాగాడంట’ అని ఊరంతా పాకుతుందని మరో భయం. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి, అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగి చనిపోయిన నేల ఇది. ఇక్కడ ఆ పుకారు ఓ కుటుంబాన్ని తలెత్తుకోనివ్వదు.

చూశారు, కానీ...

2003 పత్తి సీజన్లో పరిశోధకురాలు ఫ్రాన్సెస్కా మాన్సీని బృందం మన దేశంలోని మూడు గ్రామాల్లో అధ్యయనం చేసింది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా 50 మంది మహిళా రైతులు తమకు కనిపించిన లక్షణాలతో పాటు తమ ఇంటి మగవాళ్లలో కనిపించినవీ చెప్పారు. నమోదైన 323 ఘటనల్లో 83.6 శాతం విషప్రభావపు గుర్తులున్నవే. మందు కొట్టిన సందర్భాల్లో 6 శాతంలో అది నరాల మీద తీవ్రంగా పనిచేసింది. అయినా ఒక్కరూ వైద్యానికి వెళ్లలేదు. ఆడవాళ్లు కనిపెట్టగలరని ఈ లెక్కలే రుజువు చేశాయి. కనిపెట్టింది ఆస్పత్రి దాకా చేరలేదు, అంతే.

ఎండదెబ్బ కాదు

మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోని కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో నరాల సంకేతం ఆగాల్సిన చోట ఆగదు. చెమట, చొంగ, కన్నీళ్లు, వాంతులు, విరేచనాలు అందుకే. చూపు మసకబారుతుంది, కండరాలు అదురుతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి. ముదిరితే ఊపిరి తీసే కండరాలే చతికిలబడతాయి. నోటితో తాగనక్కర్లేదు. పంపు కారి చొక్కా తడిస్తే చర్మం గుండానే ఎక్కుతుంది. అట్రోపిన్‌తో వైద్యం ఉంది, అది వేళకు అందాలి.

ఎలా చెప్పాలి?

రోగం పేరు పెట్టొద్దు, కనిపించింది చెప్పండి. “ఏమయ్యా, నీ చెయ్యి అదురుతోంది, కనుపాపలు చిన్నవయ్యాయి. లే, ఆస్పత్రికి పోదాం.” మావగారితో నేరుగా అనలేని కోడలు “అత్తయ్యా, మావయ్యగారి చెయ్యి చూడండి, అదురుతోంది” అన్నా చాలు. కానీ తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, తడిసిన బట్టలు విప్పించండి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, సబ్బుతో ఒళ్లూ జుట్టూ కడగండి. వాంతి చేయించొద్దు. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. డబ్బా వెంట తీసుకెళ్లండి, లేబుల్ మీది మందు పేరు డాక్టరుకు కావాలి. ఎప్పుడు కొట్టాడో చెప్పండి. “తాగలేదు, చేలో కొడుతుంటే ఒంటిమీద పడింది” అని మొదటి మాటగానే చెప్పండి.

అనుమానం తప్పయితే పోయేది ఆటో కిరాయి, నాలుగు చీవాట్లు. ఈ భారమంతా ఆడవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. ఒంట్లో విషం ఎక్కిన మనిషికి తన పరిస్థితి తనకు సరిగా తెలియదు. కాబట్టి మొదటి పంపు భుజాన వేసుకోకముందే మగవాళ్లు ఇంట్లో మాటివ్వాలి: మందు కొట్టిన రోజు ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి పద అంటే ఎదురు చెప్పనని.