అడవిమాంసమును కామెర్లును

కవ్వాల అడవి నానుకొనియున్న జన్నారము, ఉట్నూరు, ఖానాపూరు పల్లెలలో అడవిపందులు రాత్రికి రాత్రి మక్కచేలను నేలమట్టము చేయుటయు, అట్టి పంది ఉచ్చున బడినచో దాని మాంసమును వాటాలు వేసి పంచుకొనుటయు కొత్త సంగతులు కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేని వేట నేరమే. ఆ విచారము నటుంచి, కార్జమును నిప్పులపై కాల్చి, పైభాగము నల్లబడినంతనే, లోపలి యెరుపు మాయక మునుపే ఉప్పుకారము నద్ది నోట వేసికొనువారికి గల యాపదను గూర్చి యిచ్చట చెప్పవలసియున్నది.

ఆ యాపదకు మూలము హెపటైటిస్ ఇ అను వైరసు. మనుష్యులకు సోకు దాని ముఖ్యభేదములు నాలుగింటిలో మొదటి రెండును మానవులయందే వర్ధిల్లి కలుషితజలము వలన వ్యాపించును. మూడవ నాలుగవ రకములు పందులయందును, అడవిపందులయందును, జింకలయందును వసించి, వాటికి పెద్దగా బాధ కలిగింపకయే, ఉడకని మాంసముతో మనుష్యుని చేరును. జపానులో పచ్చి జింకమాంసము తిన్న కొందరికి ఆరేడు వారములకు కామెర్లు రాగా, వారు శీతలపేటికలో దాచియుంచిన శేషమాంసమునందును, రోగుల రక్తమునందును ఒకే వైరసున్నదని 2003లో వైద్యులు నిరూపించిరి. ఆ కుటుంబములలోనే ఆ మాంసమును ముట్టనివారికిని, కొంచెమే తిన్నవారికిని వ్యాధి సోకలేదు. అదే దేశమున అడవిపంది కార్జమును పచ్చిగా తిన్న యిద్దరిలో ఒకరు మరణించిరి.

మన దేశమున నీ వ్యాధి ప్రధానముగా నీటివలననే వచ్చుచున్నది. 1955-56లో యమునాజలమున మురుగు కలిసి ఢిల్లీలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చుటకును, 2005లో హైదరాబాదున మంచినీటి గొట్టములు మురుగుకాలువల పాలై వ్యాధి ప్రబలుటకును ఈ వైరసే కారణము. కావున వేసవిలో వాగు ఇసుకను తోడి చెలిమెనీరు తాగు పల్లెలో, మాంసమును ఎంత చక్కగా ఉడికించినను, నీటిని కాచనిచో రక్షణ సగమే.

ముక్క నడుభాగము 71 డిగ్రీల వేడిమిలో 20 నిముషములున్నగాని యీ వైరసు పూర్తిగా నశింపదు. చిన్నముక్కలుగా కోసి, మూతపెట్టి, మెత్తబడువరకు ఉడికించిన కూరకు భయము లేదు. పొగబెట్టిన, ఎండబెట్టిన మాంసమును నమ్మరాదు. పచ్చిమాంసము కోసిన కత్తితోనే కడుగక ఉల్లిగడ్డ తరుగరాదు.

తిన్న రెండు మొదలు పది వారములకు గాని జ్వరము, వాంతులు, ముదురుపచ్చని మూత్రము కనబడవు. పెక్కుమందికి వ్యాధి తనంతట తానే తగ్గును. ఆ కీర్తి పసరుమందుకు దక్కును. కాని నీటివలన వచ్చు రకము సోకి, నెలలు నిండుచున్న గర్భిణులలో నూటికి ఇరువదిమందికి పైగా మరణించవచ్చును గనుక, వారిని పసరుకొరకు తిప్పక ఆసుపత్రికి చేర్పవలెను. ఫారెస్టువారి భయముచే వేటమాంసపు మాట దాచువారు కలరు. రెండు నెలల నాటి ఆ భోజనము వైద్యునకు తెలియనిచో, అదే మాంసము తిన్న తక్కిన యిండ్లవారిని హెచ్చరించువారే యుండరు.