సగటు పెద్దదగు చోటు

దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరునకు 2018 సెప్టెంబరు 24న మెట్రో నడువ నారంభించినది. ఆ దారి నిడివిని 1 అనుకొని నూరు సమభాగములు చేయుదము. పిదప నూరు పటములు గీయుదము: ఒక్కొక్క పటములో ఒక్కొక్క భాగముమీద మాత్రమే 100 ఎత్తు, తక్కిన దారి యంతయు సున్న. ఎత్తుయొక్క వర్గమూలమును నిడివిచే గుణించుట పరిమాణ మనుకొన్నచో, ప్రతి పటమును పదవ వంతే. కాని నూరింటి సగటు తీసినచో దారి పొడవున ఎత్తు 1, పరిమాణమును 1! అంగడిలో కూరల సగటు ధర ఎన్నడును హెచ్చు ధరను మించదు గదా!

చిన్నవాని సగటు చిన్నదిగనే యుండు పరిసరములు, సున్నకు ఎంత సమీపముననైనను, లభించుచో అది స్థానిక కుంభాకార సదిశాంతరాళము. వాన్ నాయిమన్ 1935లో ఈ భావమును ప్రతిపాదించెను. అందు, బిందువులు పరిసరములచే విడివడునప్పుడు, వేర్వేరు బిందువులకు వేర్వేరు విలువల నిచ్చు అవిచ్ఛిన్న రేఖీయ ప్రమేయము తప్పక దొరకునని హాన్, బనాక్‌ల సిద్ధాంతము హామీ యిచ్చును.

మన దారిలో అది దొరకదు. భాగములను, ఎత్తును కలిపి పెంచినకొలది పటములు సున్నను చేరును. వానికి ప్రమేయ మిచ్చు విలువలును సున్నను చేరవలయును. సగటు పటము మాత్రము కదలదు. కావున దానికి లభించు విలువ సున్నయే. ఏ పటమునకైనను ఇదే గతి యని 1940లో ఎం. ఎం. డే నిరూపించెను.