పిల్లల ఆటల పోటీలు: వెంట వెళ్ళే పెద్దలకు బస నియమాలు

జిల్లా ఖోఖో జట్టులో తమ అమ్మాయి పేరు ఉన్నదని తెలిసిన రోజున ఇంట్లో సంబరం. మరునాటి నుండి ఆలోచన మొదలవుతుంది. పావగడ తాలూకాలో ఒక రైతు కుటుంబం అనుకుందాం. కర్ణాటకలో పాఠశాలల పోటీలు హోబళి, తాలూకా, జిల్లా, విభాగం, రాష్ట్రం అనే మెట్ల మీదుగా సాగుతాయి. తాలూకా పోటీకి తండ్రి ఉదయం బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలడు. విభాగ స్థాయి దాటితే రాత్రి బస తప్పదు. అప్పుడు ఆ ఇంట్లో వచ్చే ప్రశ్నలు రెండు: అమ్మాయికి తోడుగా ఎవరు వెళ్ళాలి? వెళ్ళినవారు ఎక్కడ తల దాచుకోవాలి?

ఈ చింత ఒక్క పావగడది కాదు. యానాం పిల్లలు ప్రాంతీయ స్థాయి ఎంపికల కోసం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరికి వెళ్ళవలసి వస్తుంది. సిరోంచ విద్యార్థికి రాష్ట్ర పోటీ పుణె నగరంలోని బాలేవాడిలో పడవచ్చు. పర్లాకిమిడి పిల్లవాడు భువనేశ్వరానికో కటకానికో ప్రయాణం కట్టాలి. సరిహద్దున ఉన్న ఊరికి సొంత రాష్ట్రపు పెద్ద పట్టణమే అన్నిటికన్నా దూరం. కనుక బస సంగతి ముందుగా తెలుసుకొనక తప్పదు.

జట్టు బస ఎవరికి?

పాఠశాల విద్యాశాఖ నిర్వహించే పోటీలలో క్రీడాకారులకూ, జట్టుతో వచ్చే వ్యాయామోపాధ్యాయులకూ, మేనేజరుకూ మాత్రమే బస ఏర్పాటు ఉంటుంది. అది సాధారణంగా ఏదో ఒక పాఠశాల తరగతి గదులలోనో, వసతి గృహంలోనో, కల్యాణ మండపంలోనో ఉంటుంది. తల్లిదండ్రులకు అందులో చోటు ఉండదు. బాలికల బసలోనికి తండ్రులనే కాదు, ఇతర కుటుంబ సభ్యులనూ రాత్రివేళ రానివ్వరు. ఇది అమర్యాద కాదు, అందరి పిల్లల రక్షణ కోసం పెట్టుకున్న కట్టుబాటు. జట్టుతో స్త్రీ అధ్యాపకురాలు ఎవరు వస్తున్నారో, ఆమె ఫోను నంబరు ఏమిటో ముందే అడిగి తెలుసుకొనడం తల్లిదండ్రుల హక్కు.

చదరంగం, బ్యాడ్మింటన్ వంటి ఆటలలో జరిగే బహిరంగ పోటీల పద్ధతి వేరు. అక్కడ ప్రవేశ రుసుము కట్టినంత మాత్రాన బస దొరకదు. పిల్లవాడికీ, తోడు వచ్చినవారికీ గది చూసుకొనవలసిన బాధ్యత కుటుంబానిదే.

లాడ్జి బల్ల దగ్గర అడిగేవి

గది ఇచ్చేముందు లాడ్జి వారు రిజిస్టరులో పేరు, వయస్సు, చిరునామా, ఎక్కడినుండి వచ్చినది, వచ్చిన పని, ఫోను నంబరు వ్రాయించి సంతకం తీసుకుంటారు. పోలీసులు తనిఖీకి వచ్చినప్పుడు చూపవలసినది ఆ రిజిస్టరే. అందువలన గదిలో ఉండబోయే పెద్దలు ప్రతి ఒక్కరూ గుర్తింపు పత్రం చూపాలి. భర్త కార్డు ఒక్కటే తెచ్చి భార్యది ఇంట్లో మరచి వచ్చినవారు అర్ధరాత్రి వీధిలో నిలబడవలసి వస్తుంది.

ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగు లైసెన్సు, పాస్‌పోర్టు సాధారణంగా చెల్లుతాయి. పాన్ కార్డును చాలా చోట్ల అంగీకరించరు. కారణం సులభం: దానిపై చిరునామా ఉండదు. ఆధార్ నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, మొదటి ఎనిమిది అంకెలు కప్పి చివరి నాలుగు మాత్రమే కనబడే ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి తీసుకొనవచ్చును. దానిని ముందే నాలుగైదు ప్రతులు అచ్చు తీయించి పెట్టుకుంటే జిరాక్సు అంగడి కోసం వెదకే పని తప్పుతుంది.

పిల్లల విషయంలో పాఠశాల గుర్తింపు కార్డు, ఆధార్ రెండూ దగ్గర ఉండాలి. ఆధార్‌లో పిల్లల వేలిముద్రలు, ఫోటో 5 ఏళ్ళకు ఒకసారి, 15 ఏళ్ళకు మరొకసారి నవీకరించాలన్నది నియమం. పదహారేళ్ళ అబ్బాయి కార్డుపై ఇంకా ఒకటో తరగతి నాటి ముఖమే ఉంటే లాడ్జిలోనే కాదు, వయో నిర్ధారణ బల్ల దగ్గరా ప్రశ్నలు వస్తాయి. పాఠశాలల పోటీలు 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాలుగా జరుగుతాయి గనుక ఆ బల్ల దగ్గర పరిశీలన గట్టిగానే ఉంటుంది.

మనిషి ఒకరే, పేరు రెండు రకాలు

సరిహద్దు తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇది. తండ్రి కార్డులో ఇంటిపేరు ముందు, పేరు తరువాత ఉంటుంది. కర్ణాటక, తమిళనాడు బడులలో చదివిన కూతురి కార్డులో ఇంటిపేరే ఉండదు. పేరు, దాని పక్కన తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉంటాయి. మహారాష్ట్రలోనైతే పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస. ఈ రెండు కార్డులను పక్కపక్కన పెట్టి చూసిన గుమాస్తాకు వీరు తండ్రీ కూతుళ్ళని ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా తండ్రి ఒక్కడే ఆడపిల్లతో వచ్చినప్పుడు అతడు సందేహించడం తప్పనలేము. ఆ సందేహం వలన రక్షింపబడే పిల్లలూ ఉంటారు.

దీనికి విరుగుడు జనన ధ్రువపత్రం నకలు. అందులో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. దానితోపాటు జట్టు ఎంపిక ఉత్తర్వు నకలు, ప్రధానోపాధ్యాయుల ముద్రతో ఒక చిన్న లేఖ ఉంటే వచ్చిన పని ఏమిటో కూడా స్పష్టమవుతుంది. ఆధార్ కార్డుపై రాష్ట్ర భాషతోపాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది. పొరుగు రాష్ట్రంలో గుమాస్తా చదివేది ఇంగ్లీషు వైపే. అందుచేత అక్కడి అక్షరక్రమం అన్ని పత్రాలలో ఒకటిగా ఉన్నదో లేదో ఇంటి వద్దనే సరిచూసుకొనాలి.

పక్కింటి పిల్లను కూడా వెంట తీసుకువెళ్ళేవారు ఆమె తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం, వారి గుర్తింపు పత్రం నకలు దగ్గర ఉంచుకొనాలి. ఊళ్ళో అందరూ ఒక కుటుంబమే కావచ్చు. పరాయి ఊరి రిజిస్టరుకు ఆ సంగతి తెలియదు.

ఎన్ని రోజులకు గది?

ఇది పోటీ పద్ధతిని బట్టి తేల్చుకొనవలసిన లెక్క. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ వంటి ఆటలలో ఓడిన జట్టు ఇంటికి పోయే నాకౌట్ పద్ధతి ఉంటే, 16 జట్లలో 8 జట్లు మొదటి ఆటతోనే నిష్క్రమిస్తాయి. అటువంటి పోటీకి మూడు రోజుల అద్దె ముందే కట్టడం తొందరపాటు. ఒక రోజుకు మాత్రమే కట్టి, గెలిస్తే పొడిగించే వీలున్నదా అని అడగాలి. చదరంగంలో సాధారణంగా స్విస్ పద్ధతి. అందులో ఓడినవారు కూడా చివరి రౌండు వరకు ఆడతారు. కనుక అక్కడ అన్ని రోజులకూ ఒకేసారి గది తీసుకొనవచ్చు.

రోజు అంటే ఏమిటో కూడా అడగాలి. కొన్ని లాడ్జీలలో చేరిన గంట నుండి 24 గంటలు ఒక రోజు. మరికొన్నిటిలో మధ్యాహ్నం 12 గంటలకు రోజు ముగుస్తుంది. రెండవ పద్ధతి ఉన్నచోట తెల్లవారుజామున బస్సు దిగి చేరినవారు ఒక పూట ఉండి రెండు రోజుల అద్దె ఇచ్చుకునే ప్రమాదం ఉన్నది. ఫోనులో గది తీసుకునేటప్పుడు రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చేదీ రానిదీ చదవకుండా చెల్లించరాదు. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదిపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతం. అంతకుముందు అది 12 శాతం. పాత లెక్క చెప్పేవారిని రసీదు అడగడమే మందు.

రైలులో వెళ్ళేవారికి స్టేషనులోని విశ్రాంతి గదులు మరొక దారి. ఖరారైన టికెట్టుగాని ఆర్.ఏ.సి. టికెట్టుగాని ఉంటే వాటిని ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకొనవచ్చు.

నిర్వాహకులే హోటలు చూపినప్పుడు

కొన్ని పోటీలలో హోటలు ఎంపిక కుటుంబం చేతిలో ఉండదు. అమెరికాలో పిల్లల సాకర్, బేస్‌బాల్ పోటీలకు బయటి ఊళ్ళ జట్లు నిర్వాహకులు చెప్పిన హోటళ్ళలోనే, వారు చెప్పిన సంస్థ ద్వారానే గదులు తీసుకొనాలనే షరతు విస్తారంగా ఉన్నది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది అనుభవమే. షరతు వెనుక లెక్క ఇది: నిండిన ప్రతి గదికీ హోటలు నుండి నిర్వాహకులకు కొంత సొమ్ము ముట్టడం వాడుక. అన్ని గదులూ ఒకచోట దొరకడం సౌకర్యమే. బయట చవకగా దొరికే గదిని వదులుకొనవలసి రావడం నష్టం.

ప్రపంచ స్థాయి బాలల చదరంగ పోటీలలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. దేశం పంపే అధికారిక క్రీడాకారులకు, ఒక్కొక్క విభాగంలో ఒక్కరికి, బస భోజనాలు ఉచితం. అదనంగా వెళ్ళే పిల్లలూ, తోడు వచ్చే తల్లిదండ్రులూ నిర్వాహకుల హోటళ్ళలో తమ ఖర్చుతో ఉండాలని పోటీ ప్రకటనలు చెబుతుంటాయి. గుడివాడ బిడ్డ కోనేరు హంపి 1997లో పదేళ్ళలోపు బాలికల ప్రపంచ విజేత అయినది అటువంటి పోటీలోనే.

మన దగ్గర కూడా ప్రైవేటు పోటీలలో రుసుముతో బసను జతచేసి చెప్పడం కనబడుతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఆ బస తప్పనిసరియా? తీసుకొనకపోతే పిల్లవాడిని ఆడనిస్తారా? తోడు వచ్చినవారికి ఎంత? పోటీ వాయిదా పడితే సొమ్ము తిరిగి ఇస్తారా? జవాబు కాగితం మీదనో ఫోను సందేశంగానో తీసుకొనాలి. నోటిమాట పోటీ ముగిసిన తరువాత నిలవదు.

బయలుదేరే ముందు

అన్ని కుటుంబాలూ తోడు వెళ్ళగలిగినవి కావు. వెళ్ళలేనివారి పిల్లలు కూడా జట్టు బసలో క్షేమంగానే ఉండాలి, ఉంటారు కూడా. వెళ్ళగలిగినవారు మాత్రం ఒక సంచిలో పెద్దల గుర్తింపు పత్రాలు, పిల్లల పాఠశాల కార్డు, జనన ధ్రువపత్రం నకలు, ఎంపిక ఉత్తర్వు నకలు సర్దుకుని, లాడ్జికి ఒకసారి ఫోను చేసి బయలుదేరాలి. మైదానంలో పరుగెత్తే బిడ్డ ఒకసారి తిరిగి చూస్తే గట్టు మీద అమ్మగాని నాన్నగాని కనబడాలి. రాత్రంతా బస్టాండు బల్ల మీద గడిపిన కళ్ళతో కాదు, నిద్రపోయి లేచిన ముఖంతో కనబడాలి.