బొమ్మల పుస్తకాలు బీరువాలోనా? క్లాసులోనా?

 పోయినసారి గోడపత్రికలో నేను పొడుపు కథలు రాశాను. ఈసారి కొంచెం పెద్ద వ్యాసం. నాలుగు డ్రాయింగ్ షీట్లు పట్టింది. మెస్ లైనులో నిలబడి చదివేవాళ్లు లైను కదిలితే ముందుకు పోండి, అన్నం తిన్నాక వచ్చి మిగతాది చదవండి.

ముందు బంజారాహిల్స్ సంగతి చెప్పాలి. ధింసా ఆడటానికి మమ్మల్ని హైదరాబాదు తీసుకపోయారు కదా. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో కుమురం భీం ఆదివాసీ భవన్ ఉంది. దాని దగ్గరే సేవాలాల్ బంజారా భవన్. రెండూ 2022 సెప్టెంబర్ 17న ప్రారంభమైనవి. మాతో వచ్చిన తండా అమ్మాయి బస్సు దిగంగనే "ఇవి మా కొండలు, చెప్పులు విడిచి రండి" అన్నది. పేరు చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ ఆ కొండల మీద ఇప్పుడు పెద్ద పెద్ద బంగళాలు, అద్దాల షాపులు ఉన్నాయి. ఒక్క తండా కూడా కనపడలేదు.

డ్యాన్సు అయినాక మాకు సినిమావాళ్లను చూడాలని ఉండె. సార్‌ను బతిమిలాడి బస్సు ఫిలింనగర్ మీదుగా తిప్పించినం. ఒక్క హీరో కూడా కనపడలేదు. సినిమా పోస్టర్లు మాత్రం గోడ నిండా ఉన్నాయి. అప్పుడు నా పక్కన మూడో తరగతి చెల్లె కూచుంది. క్లాసులో ఆ చెల్లె నోరు తెరవదు. తెలుగు వాచకం ఇస్తే తల వంచుకుంటుంది. చదువు రాదని, ఇంటికి పంపిస్తే మంచిదేమో అని కూడా పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. ఆ చెల్లె ఒక పోస్టర్ చూసి గోండిలో గడగడా కథ చెప్పింది. వీడు మంచోడు, వాడు వీడి చెల్లెను ఎత్తుకపోయిండు, అందుకే వీడి చేతిలో గొడ్డలి, వెనక ఏడుస్తున్నది వీడి తల్లి. నేను పోస్టర్ మీద సినిమా పేరు చదివిన, అంతే. నాకు అక్షరాలు వచ్చు కాబట్టి నేను బొమ్మను సరిగ చూడనే లేదు. చెల్లెకు అక్షరాలు రావు, అందుకని బొమ్మనంతా చదివింది.

ఆ రోజు నుంచి నేను ఆలోచిస్తున్న. బొమ్మ చదవడం కూడా చదవడమే అయితే, మన లైబ్రరీ బీరువాలో ఉన్న బొమ్మల పుస్తకాలు చిన్న తరగతులకు ఎందుకు ఇవ్వకూడదు? శనివారం చివరి పీరియడ్ మూడో తరగతికి పోయి చదివి వినిపిస్తానని మా తెలుగు సార్‌ను అడిగిన. సార్ ఒప్పుకున్నడు. ఒక్క పుస్తకం నా పేరు మీద రాసి ఇచ్చారు.

మొదటి వారం బాగా చెడగొట్టిన. పుస్తకం నా ఒడిలో పెట్టుకొని, పాఠం చదివినట్టు గబగబా చదివిన. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగిన. "ఏం లేదక్కా" అన్నారు. ఒకమ్మాయి నిద్రపోయింది. సార్ నవ్వి, "బొమ్మల పుస్తకాన్ని వాచకంలాగ చదివితే ఎట్లా? బొమ్మ నీకే కనపడుతుంది, వాళ్లకు నీ వీపు కనపడుతుంది" అన్నడు. తరువాత సార్ చెప్పినవి, నాకు నేనే చేసి తెలుసుకున్నవి కలిపి రాస్తున్న.

పుస్తకం పిల్లల వైపు తిప్పి, భుజం పక్కన పట్టుకోవాలి. మనం పక్కకు వాలి చదవాలి. మొదట్లో మెడ నొస్తుంది. పిల్లలను వరసల్లో కాకుండా సగం చంద్రుడి ఆకారంలో కూచోబెట్టాలి. వెనక వరసకు బొమ్మ కనపడకపోతే వాళ్లు అల్లరి చేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. నలభై మంది ఉంటే ఒక పుస్తకం చాలదు. ఇరవై మంది లోపలయితే చాలు. మిగతావాళ్లను ఇంకో అక్క తీసుకోవాలి.

అట్ట దగ్గరే ఆగాలి. పేరు చదవకుండా "ఏం కనపడుతున్నది?" అని అడగాలి. ఏ భాషలో చెప్పినా తీసుకోవాలి. గోండిలో చెప్తే గోండిలో, కోలామీలో చెప్తే కోలామీలో, లంబాడీలో చెప్తే లంబాడీలో. మనకు రాకపోతే పక్కన ఉన్న పిల్ల చెప్తుంది. పుట తిప్పేముందు ఆగి "ఇప్పుడు ఏమైతది?" అని అడగాలి. సినిమాలో ఇంటర్వెల్ ముందు హీరోను కొండ అంచున వేలాడదీస్తారు కదా, పుట తిప్పడం అట్లాంటిది. గబగబా తిప్పితే ఇంటర్వెల్ లేని సినిమా అయిపోతుంది.

నేను రెండో వారం తీసుకపోయిన పుస్తకం పేరు 'రోజీస్ వాక్'. ఇంగ్లండుకు చెందిన పాట్ హచిన్స్ అనే ఆమె బొమ్మలు వేసి రాసింది, 1968లో వచ్చింది. ఎవరో దాతలు ఇచ్చిన పాత పుస్తకాల్లో ఉండె. పుస్తకమంతా కలిపి ఇంగ్లీషులో 32 మాటలే! ఒక కోడి షికారుకు పోయి, పెరడంతా తిరిగి, అన్నం వేళకు ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్నది అంతే. బొమ్మల్లో మాత్రం కోడి వెనక ఒక నక్క ఉంది. దుంకినప్పుడల్లా దానికి దెబ్బ తగులుతుంది. ఒకసారి దంతె మీద కాలు వేస్తే కర్ర లేచి ముక్కు మీద కొడుతుంది. ఒకసారి చెరువులో పడుతుంది. ఇంకోసారి దాని మీద పిండి కుమ్మరించుకపోతుంది. ఆఖరుకు తేనెటీగలు తరుముతాయి. మాటల్లో నక్క పేరు ఒక్కసారి కూడా రాదు.

ఇందులో ఉన్న తెలివి చూడండి. మాటలు మాత్రమే చదివిన మనిషికి నక్క తెల్వదు. బొమ్మ చూసిన పిల్లకు తెలుసు. నేను "కోడి పోతున్నది, కోడి పోతున్నది" అని ఏమీ తెలియనట్టు చదివిన. మూడో తరగతి మొత్తం లేచి నిలబడ్డది. "కొర్! కొర్! అక్కా, వెనక చూడు!" అని అరుపులు. కొర్ అంటే మా గోండిలో కోడి. పోస్టర్ కథ చెప్పిన చెల్లె అందరికంటే గట్టిగా అరిచింది. పక్క క్లాసు టీచర్ ఏమైందో అని పరుగెత్తుకొచ్చింది. చదువు రాని పిల్లలకు అక్కకు తెలియనిది తెలిసింది, దాన్ని నాకు చెప్పాలని వాళ్ల తొందర. క్లాసులో ఎప్పుడూ టీచరుకే తెలుస్తుంది, పిల్లలకు తెల్వదు. బొమ్మల పుస్తకంలో ఒక్కోసారి అది తారుమారు అవుతుంది.

ఆ పుస్తకంలోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. పిండి మీద పడే చోట మర ఉంది. నేను తెలుగులో "గాలిమర" అని చెప్పి "ఎక్కడుంది చూపించండి" అన్న. గోండి పిల్లలందరూ చెట్టును చూపించారు. కోలాం పిల్లలు వాళ్లను చూసి అదే చూపించారు. తప్పు అనబోయి ఆగిపోయిన. మా గోండిలో చెట్టుకు ఉన్న మాట కూడా మర లాగనే వినపడుతుంది, ర దగ్గర నాలుక కొంచెం మడతపడుతుంది అంతే. వాళ్లు "గాలి చెట్టు" అనుకున్నారు! ఒకటో తరగతిలో నాకూ ఇట్లనే అయింది. అప్పుడు చదివిన బడిలో "ఏరు" అని చెప్తే నేను నీళ్లు అనుకున్న, ఎందుకంటే మా భాషలో నీళ్లను ఏర్ అంటారు. "ఏరులో చేపలు ఉన్నాయి" అంటే కుండలో చేపలు ఉన్నాయేమో అనుకునేదాన్ని. ఏడాదంతా తప్పులే. పక్కన ఏరు బొమ్మ ఒక్కటి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసిపోవు. మనం మొద్దులం కాదు. మాట వినపడ్డది, కానీ దాని వెనక బొమ్మ వేరేది.

అందుకే నేను ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్న. మొదటిసారి పిల్లల భాషలో బొమ్మల కథ చెప్పాలి. రెండోసారి తెలుగులో చదవాలి. అప్పటికి కథ తెలుసు కాబట్టి తెలుగు మాట వచ్చి బొమ్మ మీద కూచుంటుంది. మూడోసారి పుస్తకం వాళ్ల చేతికి ఇచ్చి వాళ్లనే చెప్పమనాలి. అక్షరాలు వేలితో చూపించడం అప్పుడు మొదలుపెట్టాలి, ముందు కాదు. నాలుగు వారాల్లో ఆ చెల్లె 'కోడి', 'నక్క', 'చెరువు', 'పిండి' అనే మాటలు చూసి చదివింది. ఇంకా వాచకం రాదు. అబద్ధం ఎందుకు రాయాలి?

ఇది కొత్త సంగతి కాదని సార్ చెప్పిండు. యూరప్‌లో కొమీనియస్ అనే పంతులు 1658లోనే పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చువేయించాడట. మన దగ్గర హైమన్‌డార్ఫ్ దొర 1943లో మార్లవాయిలో గోండుల కోసం బడి పెట్టించి, గోండి వాచకాలు తయారు చేయించాడు. అవి దేవనాగరి లిపిలో ఉండేవి. మా ఊరి నుంచి ఎవరూ ఆ బడికి పోలేదు, పోతే మా ఇంట్లో నేను మొదటిదాన్ని అయ్యేదాన్ని కాదు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, ఈ 8 భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టారు. ముందు ఇంటి భాష, మెల్లగా తెలుగు. నేను శనివారం చేసేది దాంట్లో ఒక చిటికెడు.

బీరువాలో ఉన్న పుస్తకాల గురించి ఒక మాట. చాలావాటిలో పిల్లలు బూట్లు వేసుకుంటారు, మంచం మీద పడుకుంటారు, బర్త్‌డే కేకు కోస్తారు. చూడటానికి బాగుంటాయి. కానీ మన ఇండ్లు వాటిలో లేవు. ఇట్లా అనుకున్నవాళ్లు హైదరాబాదులో కూడా ఉన్నారు. అన్వేషి అనే సంస్థ 2008లో దళితుల, ముస్లింల, పల్లెల ఇండ్ల కథలతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. అందులో తలకాయ కూర కథ కూడా ఉంది. పండుగ రోజు మా ఇంట్లో ఉండే వాసన పుస్తకంలో ఉంటుందని నేను అనుకోలేదు.

మధ్యప్రదేశ్ పాటన్‌గఢ్‌కు చెందిన భజ్జూ శ్యామ్ అని గోండు చిత్రకారుడు ఉన్నాడు. లండన్‌లో ఒక హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి పిలిస్తే పోయి, తిరిగి వచ్చి 'లండన్ జంగిల్ బుక్' వేశాడు. 2004లో వచ్చింది. అక్కడి పెద్ద గడియారాన్ని కోడిపుంజుతో కలిపి వేశాడు, ఎందుకంటే మనకు టైము చెప్పేది పుంజే కదా! భూమి కింద పోయే రైలును వానపాముగా వేశాడు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. లండన్‌ను మన కళ్లతో చూసి వేయవచ్చు అంటే, ఫిలింనగర్‌ను మనం వేయలేమా అనిపించింది.

అందుకని మూడో తరగతితో ఒక పుస్తకం చేయించిన. డ్రాయింగ్ షీటును మూడుసార్లు మడిచి, మధ్యలో సూదితో కుట్టి, అంచులు కోస్తే 16 పేజీలు వస్తాయి. దుకాణంలో దొరికే విదేశీ బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఎందుకంటే, పెద్ద కాగితం ఇట్లనే మడతపెట్టి అచ్చువేస్తారు. పేరు 'గాలి చెట్టు'. దాని కొమ్మలు రెక్కలు. గాలి వస్తే తిరుగుతుంది, తిరిగితే ఆకులకు బదులు జొన్నపిండి రాలుతుంది. ఊరోళ్లు చాటలు పట్టుకొని నిలబడ్డారు. ప్రతి బొమ్మ కింద గోండిలో ఒక మాట, తెలుగులో ఒక మాట, రెండూ తెలుగు అక్షరాల్లోనే. నక్క కూడా ఉంది. అది ఫిలింనగర్‌లో హీరో అయింది, ఎందుకని అడగొద్దు.

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి, లైబ్రరీ చూసే టీచర్ గారికి మా మనవి. పుస్తకాలు ఎందుకు తాళం వేస్తారో మాకు తెలుసు. స్టాక్ రిజిస్టర్‌లో లెక్క ఉంటుంది, చినిగితే పైవాళ్లు మిమ్మల్ని అడుగుతారు. ఇది అన్యాయమని మేము అనడం లేదు. కానీ తొమ్మిదో తరగతి వాళ్లం ఐదుగురం కలిసి ఒక ఏర్పాటు అనుకున్నాం. వారానికి 10 పుస్తకాలు మా సంతకాల మీద ఇవ్వండి. పాత క్యాలెండర్లతో అట్టలు వేస్తాం. చినిగితే మైదా గంజి, పలుచని కాగితం పెట్టి అతికిస్తాం. సెల్లోటేప్ వేయం, అది ఎండాకాలంలో పచ్చబడి పుట మొత్తాన్ని పాడు చేస్తుంది. చిన్నపిల్లలకు ముందు చేతులు కడుక్కోవడం, పుటను పై మూల పట్టి తిప్పడం నేర్పినం. ఈ నాలుగు వారాల్లో 'రోజీస్ వాక్' ఒక్కచోటే చినిగింది. చెరువులో నక్క పడే పుట. దాన్ని అందరూ పట్టుకోవాలని గుంజారు. అతికించినం, చూడాలంటే చూపిస్తాం. బీరువాలో భద్రంగా ఉన్న పుస్తకాలు నాలుగు తీసి చూస్తే రెండింటికి చెదలు పట్టింది. అది ఎవరి లెక్కలో రాస్తారో తెల్వదు. తప్పుగ రాస్తే క్షమించండి మేడం.

'గాలి చెట్టు' పుస్తకం మెస్ గుమ్మం పక్కన మేకుకు దారంతో కట్టి ఉంది. తీసి చూడవచ్చు, చేతులు తడి లేకుండా చూసుకోండి. పదకొండో పేజీ ఖాళీగా ఉంది. అది ఆ చెల్లె వంతు. రంగులు అయిపోయినయి, ఎవరి దగ్గరైనా ఎర్ర క్రేయాన్ ఉంటే మూడో తరగతిలో ఇవ్వండి.

– తొమ్మిదో తరగతి, బి సెక్షన్