కిడ్నీలో రాయి: మళ్లీ రాకుండా ఏం చేయాలి?

అది మార్చి నెల. దివిసీమలో కోడూరు దగ్గర ఒక పల్లె. వరి కోసిన చేలో మినుము పండింది. తెల్లవారకముందే ఆడవాళ్ల ముఠా చేనికి బయలుదేరింది. ముఠాలో పది మంది ఉన్నారు. వాళ్లలో ఒక అత్త, ఒక కోడలు.

పొద్దెక్కింది. ఎండ ముదిరింది. అత్త నీళ్ల సీసా అందించింది.

"తాగు అమ్మాయ్. పెదాలు ఎండిపోయాయి."

"వద్దు అత్తయ్యా. తాగితే ఒంటికి వెళ్లాలి. ఇక్కడ చాటెక్కడుంది? ఎటు చూసినా చేలే, మనుషులే."

అత్త మాట్లాడలేదు. ఆమె కూడా పొద్దున్నించి ఒక్క గుక్కే తాగింది.

కోడలికి ఇది రోజూ అలవాటే. పొద్దున టీ, మధ్యాహ్నం అన్నంలోకి అర గ్లాసు నీళ్లు. అంతే. సాయంత్రం ఇంటికి వచ్చాక మూత్రం ముదురు పసుపుగా వచ్చేది. మంట పుట్టేది. వేడి చేసిందిలే అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి నొప్పి మొదలైంది. నడుముకు ఎడమ పక్కన, పక్కటెముకల కింద పుట్టింది. అక్కడి నుంచి పొత్తికడుపులోకి, గజ్జల్లోకి పాకింది. కూర్చోలేదు. పడుకోలేదు. మెలికలు తిరిగిపోయింది. రెండుసార్లు వాంతి చేసుకుంది. గ్యాసు అనుకుని అత్త వాము నీళ్లు ఇచ్చింది. నొప్పి కాసేపు తగ్గింది. మళ్లీ అలలాగా వచ్చింది. తెల్లవారాక చూస్తే మూత్రం ఎర్రగా ఉంది.

అత్త ఇక ఆగలేదు. అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించింది. స్కానింగుకు బందరు పంపింది. ఎడమ పక్క మూత్రనాళంలో రాయి ఉందని తేలింది. అది 4 మిల్లీమీటర్ల రాయి. అంటే పెసర గింజంత ఉంటుంది.

"అంత చిన్న రాయికి ఇంత నొప్పా!" అంది అత్త.

"ఆ గొట్టం చాలా సన్నంగా ఉంటుందమ్మా. రాయి అడ్డం పడితే మూత్రం వెనక్కి నిలుస్తుంది. కిడ్నీ ఉబ్బుతుంది. నొప్పి అందుకే" అంది డాక్టరమ్మ.

రాయి ఎలా పుడుతుంది?

మన వీపు వెనక, వెన్నెముకకు అటూ ఇటూ రెండు కిడ్నీలు ఉంటాయి. వీటిని మూత్రపిండాలు అని కూడా అంటారు. ఒక్కొక్కటి మన పిడికిలి అంత ఉంటుంది. చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. ఇవి రాత్రీ పగలూ రక్తాన్ని వడగడతాయి. రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి. అందులో మంచిదంతా మళ్లీ రక్తంలోకి పోతుంది. చెడు పదార్థాలు లీటరున్నర, రెండు లీటర్ల మూత్రంగా బయటకు వస్తాయి.

మూత్రంలో కొన్ని లవణాలు ఉంటాయి. కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లం అని వాటి పేర్లు. నీళ్లు చాలినన్ని ఉంటే ఇవి కరిగి ఉంటాయి.

ఇంట్లో చేసి చూడొచ్చు. గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేయండి. కలిపితే కరిగిపోతుంది. ఇప్పుడు రెండు చెంచాల నీళ్లలో గుప్పెడు ఉప్పు వేయండి. ఎంత కలిపినా కరగదు. అడుగున మిగిలిపోతుంది. కిడ్నీలో జరిగేదీ ఇదే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. లవణాలు చిన్న చిన్న రవ్వలుగా పేరుకుంటాయి. రవ్వ మీద రవ్వ చేరి రాయి అవుతుంది.

ఎక్కువ మందికి వచ్చేది కాల్షియం, ఆక్సలేటు కలిసిన రాయి. కొందరికి యూరిక్ ఆమ్లం రాయి వస్తుంది. మూత్రంలో చీము పట్టే జబ్బు మాటిమాటికీ వస్తే దానివల్ల ఇంకో రకం రాయి పుడుతుంది. ఇంట్లో అమ్మకో నాన్నకో రాయి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

అన్నంలో రాళ్లు తింటే వస్తుందా?

రాదు. అన్నంలో వచ్చిన రాయి పేగుల్లోకి పోతుంది. మలంతో బయటకు పోతుంది. అది కిడ్నీలోకి పోయే దారే లేదు. టమాటా గింజలు కూడా అంతే. గింజ వెళ్లి కిడ్నీలో రాయిగా మారదు.

ఇంకో భయం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామందికి కిడ్నీ జబ్బు వచ్చింది. ఆ మాట విని, రాయి అనగానే కిడ్నీ పోయిందని ఏడుస్తారు. ఉద్దానం జబ్బు వేరు. అందులో కిడ్నీలు మెల్లమెల్లగా పనిచేయడం మానేస్తాయి. రాయి వేరు. సకాలంలో వైద్యం చేస్తే కిడ్నీకి ముప్పు ఉండదు. రాయి అడ్డంపడి ఉన్నా పట్టించుకోకుండా నెలల తరబడి వదిలేస్తే మాత్రం ఆ కిడ్నీ పాడవుతుంది.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

నొప్పితోపాటు చలి, జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. రాయి వెనక చీము పడుతోందని దాని అర్థం. ఇది ప్రాణం మీదికి వస్తుంది. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, వాంతులు ఆగకపోయినా అంతే. గర్భిణికి ఇలాంటి నొప్పి వచ్చినా ఇంట్లో ఉంచకూడదు. ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్లు కూడా ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేయాలి. బండి ఉచితంగా వస్తుంది.

నొప్పి మాత్రలు దుకాణంలో కొని రోజుల తరబడి మింగకూడదు. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. డాక్టరు రాసినవే, రాసినన్ని రోజులే వాడాలి. నొప్పి వచ్చినప్పుడు ఒక్కసారే బిందెడు నీళ్లు తాగినా రాయి జారదు. వాంతి అవుతుంది. కొంచెం కొంచెంగా తాగాలి.

వైద్యం ఏమిటి?

రాయి 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలామందికి తనంతట తానే పడిపోతుంది. కొన్ని రోజులు పట్టొచ్చు. కొన్ని వారాలూ పట్టొచ్చు. డాక్టరు మందులు ఇచ్చి, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. నొప్పి తగ్గింది కదా అని మానేయకూడదు. నొప్పి లేకుండా కూడా రాయి అడ్డంపడి ఉండొచ్చు. రాయి పోయిందో లేదో మళ్లీ స్కానింగు చేస్తేనే తెలుస్తుంది.

10 మిల్లీమీటర్లు దాటిన రాయి తనంతట తాను పడటం అరుదు. పూర్వం పెద్ద రాయికి కడుపు కోసి తీసేవారు. 1980లో జర్మనీ దేశంలోని మ్యూనిక్ నగరంలో కొత్త పద్ధతి వచ్చింది. కోత లేకుండా, ఒంటి బయటి నుంచి ధ్వని తరంగాలు పంపి రాయిని పొడి చేశారు. ఇప్పుడు ఆ పద్ధతి మన దగ్గరా ఉంది. మూత్రం దారిలోంచి సన్నని గొట్టం పంపి రాయిని పగలగొట్టే పద్ధతీ ఉంది. బాగా పెద్ద రాయి అయితే వీపు పక్క చిన్న రంధ్రం చేసి తీస్తారు.

ఖర్చుకు భయపడి ఆగిపోకూడదు. 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. రాయి తీసే చికిత్సలు అందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు దగ్గర కార్డు చూపించి అడగాలి. గుడివాడలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి పెద్దాసుపత్రి దానికి అనుబంధంగా ఉంది.

ఒక ముఖ్యమైన మాట. రాయి తీశాక కొందరికి మూత్రనాళంలో స్టెంటు అనే మెత్తని గొట్టం పెడతారు. అది బయటకు కనపడదు. కొన్ని వారాల తర్వాత దాన్ని తీయించుకోవాలి. నొప్పి లేదు కదా అని మరిచిపోతే ఆ గొట్టం మీదే రాళ్లు పేరుకుంటాయి. అందుకే స్టెంటు పెట్టారా, ఏ తేదీన తీస్తారు అని అడగాలి. ఆ తేదీ కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఇప్పుడు రాయడం, చదవడం వచ్చు కదా!

దూట రసం, ఉలవచారు, కొండపిండి ఆకు

కోడలు ఇంటికి రాగానే ఇరుగుపొరుగు అమ్మలు వచ్చారు. అరటి దూట రసం తాగమంది ఒకామె. ఉలవచారు పోయమంది ఇంకొకామె. కొండపిండి ఆకు నూరి ఇమ్మంది మూడో ఆమె. ఉలవచారు, దూట కూర మంచి తిండే. కానీ ఇవి కాల్షియం రాయిని కరిగిస్తాయని గట్టి రుజువు లేదు. వీటిని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లడం మానితేనే ప్రమాదం. బీరు తాగితే రాయి పడుతుందని మగవాళ్లు అంటారు. అది తాగడానికి ఒక వంక. మంచినీళ్లు చాలు.

రాయి మళ్లీ వస్తుందా?

వస్తుంది. జాగ్రత్త పడకపోతే, ఒకసారి రాయి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తుంది. రాకుండా చేసుకోవడం చాలావరకు మన చేతిలో ఉంది.

నీళ్లు: రోజుకు కనీసం రెండు లీటర్ల మూత్రం రావాలి. అందుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి. ఎండలో పనిచేసే రోజు ఇంకా ఎక్కువ తాగాలి. లీటరు సీసా కొలతగా పెట్టుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు తాగాలి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీళ్లు చాలాయి. ముదురు పసుపుగా ఉంటే చాలలేదు. గుండె జబ్బు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

దివిసీమలో సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. నోట్లో పోసుకోబుద్ధి కాదు. అక్కడ చెరువు నీళ్లు వడగట్టి, కాచి చల్లార్చి తాగాలి. కాలువలు కట్టేసే వేసవిలో మంచినీళ్ల చెరువును కాపాడుకోవడం ఊరందరి పని.

ఉప్పు: ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ వస్తుంది. రోజంతా అన్నీ కలిపి ఒక్క చిన్న చెంచా ఉప్పు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేపలు, ఎండు రొయ్యలు మన ఇళ్లలో రోజూ ఉంటాయి. వీటిని బాగా తగ్గించాలి. మజ్జిగలో, అన్నంలో విడిగా ఉప్పు కలపకూడదు.

పాలు, పెరుగు: రాయిలో కాల్షియం ఉంది కాబట్టి పాలు మానేయాలని కొందరంటారు. అది తప్పు. తిండిలో ఉన్న కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టుకుని మలంతో బయటకు తీసుకుపోతుంది. పాలు, పెరుగు మామూలుగా తీసుకోవాలి. కాల్షియం మాత్రలు మాత్రం డాక్టరును అడిగే వాడాలి.

ఆకుకూరలు: పాలకూర, బచ్చలికూర, తోటకూరల్లో ఆక్సలేటు ఎక్కువ. ఆక్సలేటు రాయి వచ్చినవాళ్లు వీటిని తగ్గించాలి. తిన్నరోజు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పెరుగుతో కలిపి తినాలి. టీ కూడా తగ్గించాలి.

మాంసం, చేపలు: మానక్కర్లేదు. కొంచెంగా తినాలి. ఎక్కువైతే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది.

నిమ్మకాయ: నిమ్మరసంలోని సిట్రేటు రాయి పేరుకోకుండా అడ్డుకుంటుంది. ఉప్పు, పంచదార లేకుండా నీళ్లలో పిండుకుని తాగొచ్చు.

చాటు లేకపోతే నీళ్లెలా తాగాలి?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నీళ్లు తాగమని అందరూ చెబుతారు. ఒంటికి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పరు. మినుము పీకే చేలోనైనా, రొయ్యల చెరువు గట్టునైనా, గిలకలదిండి రేవులో చేపలు ఏరే చోటైనా, పెడనలో కలంకారీ గుడ్డలు అద్దే చోటైనా ఆడవాళ్ల కష్టం ఒకటే. దాహాన్ని బిగబట్టడం, మూత్రాన్ని బిగబట్టడం. రెండూ చెరుపే. ఇది సిగ్గుపడి దాచుకునే విషయం కాదు. ఫ్యాక్టరీలో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి, తాగునీళ్లు ఉండాలని చట్టమే చెబుతుంది. చేలో కూడా అడిగే హక్కు మనకుంది.

కోడలికి తొమ్మిదో రోజున రాయి పడింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఆమె పాత గుడ్డలో మూత్రం వడగడుతూనే ఉంది. రాయి దొరికింది. అత్త దాన్ని చిన్న సీసాలో వేసి తీసుకెళ్లింది. పరీక్షలో కాల్షియం ఆక్సలేటు రాయి అని తేలింది. ఏది తగ్గించాలో తెలిసింది. తర్వాత స్కానింగులో కిడ్నీ బాగుందని చెప్పారు.

ఊడ్పుల కాలం వచ్చింది. ముఠా మాట్లాడుకోవడానికి రైతు వచ్చాడు. కూలి రేటు మాట అయిపోయింది. అప్పుడు అత్త నోరు విప్పింది.

"గట్టు మీద నాలుగు కర్రలు పాతి, తాటాకులతో చాటు కట్టించు బాబూ. తాగడానికి రెండు బిందెల మంచినీళ్లు పెట్టించు. అప్పుడే చేలో దిగుతాం."

రైతు తల గోక్కున్నాడు. పది మంది ఆడవాళ్లూ అతని వంకే చూస్తున్నారు. సరేనన్నాడు.

మర్నాడు గట్టు మీద తాటాకుల చాటు లేచింది. కోడలు సీసా ఎత్తి కడుపునిండా నీళ్లు తాగింది. తర్వాత అత్తకు అందించింది.

"మీరూ తాగండి అత్తయ్యా."

మాట్లాడుకోండి

1. మీరు నిన్న ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు? లెక్క రాయండి.
2. మీరు పనిచేసే చోట మరుగుదొడ్డి ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?
3. మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్ని రోజులు వస్తోంది? ఇంట్లో ఎంతమంది ఉన్నారు?
4. నొప్పితోపాటు చలిజ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి? పెద్ద అంకెలతో రాసి గోడకు అంటించండి.