బాలి వెళ్తే బ్లింబింగ్‌సారి కూడా చూసి రండి

స్కూలు సెలవులొస్తే మన గ్రూపులనిండా బాలి ఫొటోలే కదా. కూటా బీచ్, ఉబుద్ కోతులు, ఊయల మీద ఒక ఫొటో. ఈసారి వెళ్ళేవాళ్ళు ఒక్కరోజు మిగుల్చుకుని పడమటి బాలిలో బ్లింబింగ్‌సారి అనే ఊరు చూడండి. డెన్‌పసార్ నుంచి కారులో మూడు నాలుగు గంటలు. పిల్లలు విసుక్కుంటారు, నిజమే. కానీ ఇంతమంది హిందువులున్న ద్వీపంలో అదొక క్రైస్తవుల ఊరు, ఎలా పుట్టిందో తెలుసుకోవాల్సిందే.

1881లో డి వ్రూమ్ అనే డచ్ మిషనరీ అక్కడ హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత డచ్ ప్రభుత్వం చాలా ఏళ్ళు మిషనరీలను రానివ్వలేదు. 1920ల్లో టూరిస్టుల రాక పెరిగింది. గుళ్ళు, నాట్యాలు చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం బాలి పాతగానే ఉండాలని కొందరు అధికారులు, పండితులు పట్టుబట్టారు. అక్కడి రైతుల్ని ఎవరైనా అడిగారా అని నాకనిపిస్తుంది.

చైనావాళ్ళ మధ్య మాత్రమే పనిచేయాలన్న అనుమతితో త్సాంగ్ అనే చైనా బోధకుడు వచ్చాడు. ఆయన మాట బాలి రైతులూ విన్నారు. 1931లో కొద్దిమంది బాప్తిస్మం తీసుకున్నారు. అసలు కష్టం అప్పుడే మొదలైంది. అక్కడ పొలాలకు నీళ్ళు పంచేది సుబాక్ అనే రైతు సంఘం, మన ఊళ్ళలో చెరువు నీళ్ళకు వంతులేసినట్టు. కాకపోతే ఆ నీళ్ళకూ గుడి పూజలకూ ముడి ఉంది. పూజల్లో కలవనివాడికి నీళ్ళెందుకన్నారు ఊరివాళ్ళు. వాళ్ళ లెక్కలో అది న్యాయమే. చనిపోతే ఊరి శ్మశానంలో చోటు కూడా దొరకలేదు.

చివరికి 1939లో అధికారులు పడమటి అడవిలో స్థలం చూపించారు. నర్సుని కదా, అడవి అనగానే నాకు ముందు మలేరియానే గుర్తొస్తుంది. చంటిపిల్లల తల్లులు అక్కడ ఎలా నెగ్గుకొచ్చారో! అడవి నరికి ఊరు కట్టుకున్నారు. తర్వాత కాథలిక్కులకు దగ్గర్లోనే పలాసారి ఏర్పడింది.

1976 భూకంపంలో చర్చి దెబ్బతింది. మళ్ళీ కట్టేటప్పుడు బిషప్ వాయన్ మాస్త్రా కాలంలో అచ్చం బాలి పద్ధతిలో కట్టారు. రెండుగా చీలినట్టుండే గోపురద్వారం, అంతస్తుల కప్పు, గాలాడే మండపం, పారే నీళ్ళు. ఆరాధనలో గామెలాన్ వాయిద్యాలు, ఆడవాళ్ళు కెబయా రవికలు, నడుముకు గుడ్డ. క్రిస్మస్‌కి వీధుల్లో వంచిన వెదురు తోరణాలు, హిందువులు గలుంగన్ పండక్కి కట్టేలాంటివే. వెలివేసిన ఊరి అలవాట్లనే వీళ్ళు దేవుడి ముందుకు తెచ్చుకున్నారు. బొట్టు పెట్టుకోవచ్చా, పూలు పెట్టుకోవచ్చా అని మన సంఘాల్లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం కదా!

వెళ్తే ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ఆరాధన జరుగుతుంటే ఫోన్ ఎత్తి ఫొటోలు తీయకండి, అయ్యాక అడిగి తీసుకోవచ్చు. ఊళ్ళో ఇళ్ళల్లోనే బస దొరుకుతుంది, ముందే మాట్లాడుకోండి.